సుక్కయ్య చేతిల ఎండకండె

రాళ్లకుంటల వెంకటరాజాన్ని నోరులేని మనిషి అనుకునేటోళ్లే ఎక్కువ. అనుకుంటె అనుకోనియ్యిండ్రి, వాళ్లకేం ఎరుక? ఎదురుంగ ఎవరన్న వస్తె తల ఊపుడు, బాయి కాడ నీళ్లు చేదుకునుడు, తల దించుకొని ఇంటికి పోవుడు, గంతే ఊరు చూసిన వెంకటరాజం. గదే మనిషి ఒకప్పుడు నోరు తెరిస్తె పొద్దుగూకేదాక మూసేటోడు కాదు. కాకపోతె ఆ మాటలన్ని ఒక్క మనిషికే చెప్పిండు. ఆ మనిషి పోయినంక ఆ ఇంట్ల మాటతోని పని పడలే.

రాళ్లకుంట ఏడుందంటరా? నల్లగొండ జిల్లాల చౌటుప్పల కాడ బస్సు దిగి, గుట్టల దిక్కు నడిస్తె వచ్చే సాలోళ్ల ఊరు. ఇంటింటికి గుంట మగ్గం. దారానికి ముడులు గట్టి రంగుల ముంచి, ముడి ఉన్నకాడ తెల్లగ మిగిలేటట్టు చేసి, గా దారంతోనే పువ్వులు, చిలుకలు నేస్తరు. ముడులు గట్టాలంటె ముందుగాల ఆసు పొయ్యాలె. ఆసు అంటె ఒక చట్రం. ఒక దిక్కు ఒక్కటే మేకు, ఎదురుంగ వంపు తిరిగి వరుసగ మేకులు. ఇంటి ఆడమనిషి దాని ముందల కూసొని, దారం పట్టుకొని, చెయ్యిని గిటు నుంచి గటు, గటు నుంచి గిటు పొద్దంత ఆడియ్యాలె. కట్టినోళ్లు చీరను మెచ్చుకుంటరు గని, ఆసు పోసిన రెక్కను ఎవరు అడుగుతరు? ఆ రెక్క వెంకటరాజం ఇంట్ల రాజమణిది.

పోలీస్ యాక్షన్ అయిపోయి, ఊళ్లె జర నెమ్మది పడ్డ కాలంల వాళ్ల పెండ్లయింది. పిల్లలు కాలే. ఆయన గుంటల కూసొని నేస్తాంటె, ఆమె అరుగు మీద ఆసు పోసేది. ఒకనాడు రెక్క గుంజితె ఆమెకు సిరాకు లేసింది.

"ఓ అయ్యా, నోరు కుట్టుకొని కూసున్నవేంది? ఏమన్న కథ చెప్పరాదు. నొప్పి మర్సిపోత" అన్నది.

"ఏం కథ చెప్పాలె?"

"నాకు తెల్వంది. తెలిసిన కథయితె తర్వాత ఏమైతదో ముందే ఎరుకైతది. ఇగ నొప్పే యాదికొస్తది."

మా దిక్కు కథకు రెండు కట్టడులున్నయి. ఒకటి, వినేటోళ్లు ఊ కొట్టాలె. ఊ లేకపోతె చెప్పేటోడు నోరు మూసుకునుడే. రెండోది, ఎత్తుకున్న కథను దించాలె. సగంల ఇడిసిపెడితె అండ్ల ఉన్నోళ్లు ఎక్కడోళ్లక్కడ చిక్కువడి ఊరికి ఉసురు పెడ్తరని ముసలోళ్ల పట్టింపు. రాజమణి చేతికి దారం ఒక్కమారు గటు పోయి గిటొస్తె ఒక్క ఊ. గా లెక్కన ఆయనకు ఊలకు కొదువ లేకుండె.

తెల్వని కథ ఏడికెల్లి తేవాలె? వెంకటరాజం తల పైకెత్తి చూసిండు. మగ్గం మీది కప్పుల పెంకు ఒకటి పగిలి, ఆ సందులకెల్లి ఎండ కర్ర తీరు సూటిగ దిగి పడుగు మీద పడుతుండె. ఆ పడ్డ జాగల నీలి రంగు వెలిసిపోయి ఉన్నది. పొద్దుగాల దాన్ని చూసి పెంకును తిట్టిన మనిషే, ఇప్పుడు చూసి వేరే తీరు ఆలోచన చేసిండు. ఇంతంత సందుల నుంచి వచ్చిన ఎండనే రంగును తినేస్తె, గదే ఎండను ఏండ్లకేండ్లు కూడబెట్టి ఒక్కపారి ఇడిస్తె ఏమైతది?

"మీద ఏడు గోళాలున్నయి" అన్నడు.

"ఊ" అన్నది రాజమణి.

ఇగ సూడుండ్రి, అక్కడ మొదలైంది. ఏడు గోళాలకు ఒక్కటే సూర్యుడు. అక్కడోళ్లు ఎండను దారం తీరు వడికి గాజు కండెలకు చుట్టి పెడ్తరు. గదే ఎండకండె. కండె కొసను శత్రువు దిక్కు తిప్పి మీది పొర తీస్తె, చుట్టి పెట్టిన ఎండంత ఒక్కటే గీత లెక్క పోతది. చప్పుడు ఉండది, పొగ ఉండది. ఎర్రకండెది అయితె ఇనుప ఓడను గూడ నడిమికి కోస్తది. నీలికండెది తగిలితె ఎంత పెద్ద ఓడైనా మంచుగడ్డ కట్టి ఉన్నకాడనే నిలవడ్తది. తెల్లకండె అన్నిటికన్న చెడ్డది. అది తగిలినోడు చావడు. వాని రంగు పోతది. ఒంటి రంగు, బట్టల రంగు, ఆఖరికి నీడ గూడ పోతది. అందరి నడుమ తిరుగుతనే ఉంటడు, ఎవ్వరికి కనవడడు, ఎవ్వరు పలకరియ్యరు.

ఆసు మీద రాజమణి చెయ్యి ఆగింది.

"గది మాత్రం వద్దయ్యా. ఎర్రదానితోనే సంపుమను, పీడ పోతది" అన్నది.

ఆమె ఊ కొట్టి ఊకునే రకం కాదు. ప్రతిదానికి అడ్డం పడేది. ఎండ లేనినాడు వాళ్లేం వడుకుతరు? గాజు కండె కింద పడి పగిలితె ఎట్ల? కడాకరుకున్న ఏడో గోళం మీద కాపలా ఉన్నోనికి బువ్వ ఎవరు పంపుతరు? వానికి ఏదో పెద్ద పేరు పెట్టబోతె, "అంత పేరు నేను యాదికుంచుకోను. సుక్కల కాడ ఉంటడు, సుక్కయ్య అను" అన్నది. వాడు సుక్కయ్యే అయిండు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పబోతె మళ్లొక కథ మొలిచేది. నిజం చెప్పాలంటె కథను నడిపింది ఆమె. ఆయన వెనుక నడిచిండు.

శత్రువులు ఆ ఏడింటికి అవతల ఉన్న చీకటిగోళపోళ్లు. వాళ్ల సూర్యుడు సల్లారిపోయిండు. బోర్లించిన కుండల తీరు నల్లటి ఓడలేసుకొని ఎండను దోచుకోను వస్తరు. వాళ్లను సుక్కయ్య కాల్చి బూడిద చేస్తడని వెంకటరాజం మీసం దువ్వుకుంట చెప్పబోతె, రాజమణి మొకం చిన్నబుచ్చుకున్నది.

"సూర్యుడే లేకపాయె, సలికి సస్తున్నరు గద. జర ఎండ ఇస్తె వీళ్లదేం పోతది?"

"శత్రువులే!"

"అడిగి చూసిండ్రా వాళ్లను? అడగకుంటనే శత్రువులా?"

ఆనాడు కథ అక్కడికే ఆగింది. తెల్లారి కాపలాకు కొత్త కాయిదా ఒకటి పెట్టమన్నది రాజమణి. ఎండకండె ఒక్కని చేతిల పేలొద్దు. ఇద్దరు పట్టాలె, ఈ కొస ఒకడు, ఆ కొస ఒకడు. ఇద్దరికి మనసొప్పితేనే పేలాలె.

"ఎందుకే గింత కిరికిరి?" అని నవ్విండాయన.

ఆమె నవ్వలే. "మా అన్న బాట మీద నిలవడి చూసిండు, అంతే గద చేసింది. రజాకార్ల లొల్లిల ఒక్కడు తుపాకి ఎత్తిండు. పక్కన ఇంకొకడు ఉండి, ఆగురా అని చెయ్యి పట్టుకుంటె మా అన్న ఇయ్యాల ఉంటుండె. ఒక్కని చేతిల గంత బలం పెట్టకు నువ్వు" అన్నది.

ఇగ ఆయన సుక్కయ్యకు జతగ గండయ్య అనేటోణ్ని పుట్టిచ్చిండు. ఆ కాయిదా రాజమణి షరతు. కథ ఎన్ని వంకలు తిరిగినా ఆ షరతును మాత్రం ఆయన ఏనాడు ముట్టుకోలే.

ఏండ్లు గడిచినయి. రష్యోళ్లు ఆకాశంల కొత్త సుక్కను ఇడిసిండ్రని ఊరంత పొద్దుగూకంగనే బయటికొచ్చి మెడలు నొయ్యంగ మీదికి చూసిన కాలం వచ్చింది. ఎవరికి ఏం కనవడ్డదో ఏమో గని, కనవడ్డదని అందరు చెప్పుకున్నరు. రాజమణి ఆయన చెవుల మెల్లగ, "సుక్కయ్యకు జర పైలంగ ఉండుమని చెప్పు, మనోళ్లు బయలెల్లిండ్రు" అన్నది. ఆయన పక్కున నవ్విండు. పక్కింటి ఉప్పలమ్మ, "ఏందక్కా, మాకు చెప్తె మేం నవ్వమా?" అని అడిగింది. ఉప్పలమ్మ అదే అరుగు మీద కొన్నాళ్లు కండెలు చుట్టింది. సుక్కయ్య ముచ్చట ఆమెకు గూడ కొంత ఎరుకే.

ఆ తర్వాతి ఏడాది రాజమణికి కడుపుల నొప్పి మొదలైంది. మొదట ఆసు మీద వంగలేకపాయె, తర్వాత బువ్వ తినలేకపాయె. వెంకటరాజం ఎడ్లబండి కట్టిచ్చి చౌటుప్పలకు, అక్కడికెల్లి బస్సుల నల్లగొండ దవాఖానకు తీసుకపోయిండు. మంచం పక్కన కింద కూసొని చెయ్యి పట్టుకున్నడు. నొప్పి మర్సిపోను కథ చెప్పుడు తప్ప ఆయనకు ఇంకో మందు తెల్వది.

కథ అప్పుడు చెడ్డకాడ ఉన్నది. కండెలు అయిపోవస్తె గండయ్య చిన్న ఓడేసుకొని కొత్తవి తేను పోయిండు. వస్తనని చెప్పే పోయిండు. సుక్కయ్య ఒక్కడే ఎండకండె ఒక కొస పట్టుకొని కూసున్నడు. దూరంల చీకటిగోళపు ఓడలు కనవడ్డయి. ఒకటి, వెనుక ఇంకోటి, వాటి వెనుక కాకుల మంద తీరు.

"గండయ్య వస్తడా?" అన్నది రాజమణి. గొంతు బాగ సన్నవడ్డది.

"చెప్త ఆగు..."

"ఇక్కడ వద్దు. పక్క మంచాలోళ్లు చెవులు నిక్కి వింటున్నరు. వాళ్లు గూడ ఊ కొడ్తె నా కథ కరాబైతది. ఇంటికి పోయినంక చెప్పు. నేను లేంది ఎవ్వరికి చెప్పకు, ఆఁ?"

"ఎవ్వరికి చెప్ప" అన్నడు. చేతిల చెయ్యేసి చెప్పిండు. ఆమె ఇంటికి రాలే.

ఆ తర్వాత ఆరేండ్లు ఆ ఇంట్ల ఏం జరిగిందంటె ఏం జరగలే. అదే చెప్తున్న. ఆసు పొయ్యను మనిషి లేకపోతె ఆయనే ఆ చట్రం ముందల కూసున్నడు. ఆడోళ్ల పని మొగోడు చేస్తున్నడని కొన్నాళ్లు ఊళ్లె ఇకఇకలు పకపకలు. ఆయన చెవిన పెట్టలే. రెక్క గుంజినప్పుడల్లా, ఇన్నేండ్లు ఆమె ఇంత నొప్పి పడ్డదా అని కండ్లల్ల నీళ్లు తిరిగేటియి. జొన్న గట్క ఇద్దరికి సరిపోయేటంత వండేటోడు. ఎన్నిసార్లు అనుకున్నా చెయ్యికి ఆ కొలత పోలే. మిగిలింది ఉప్పలమ్మోళ్ల బర్రెకు పోసేటోడు. ఆ బర్రె మాత్రం మంచిగ బలిసింది.

ఒక్కోనాడు నేసుకుంట నేసుకుంట "ఆ తర్వాత..." అని పైకే అనేటోడు. అని ఊకునేటోడు. మనిషికి ఆకలైతె అడుక్కొనన్న తింటడు, దూపైతె ఎవరి గడపలనో నీళ్లడుగుతడు. చెప్పాల్సిన మాట లోపల మురుగుతాంటె ఏ గడపకు పోవాలె? అట్లని ఆయనకు గింత గూడ గర్వం లేకుండె. ఎవరన్న వచ్చి పక్కన కూసుంటె బాగుండని పానం కొట్టుకునేది.

రష్యోడు ఒకడు ఆకాశంలకు పోయి పానంతోని తిరిగొచ్చిండని రేడియోల చెప్పిననాడు నలుగురు ఆయన అరుగు మీదికి వచ్చిండ్రు. ఉప్పలమ్మ నోట్లె నువ్వుగింజ నానది, సుక్కయ్య పేరు అప్పటికే ఊరంత పాకింది. "రాజం, నీ సుక్కయ్యను వాడు కలిసొచ్చిండట. కథ చెప్పరాదు, బీడీ తాగుకుంట వింటం" అన్నరు. వెంకటరాజానికి మాట నాలిక మీదికి వచ్చింది. ఏడు గోళాలు, కండెలు, ఓడలు అన్ని ఒక్కపారి గొంతు కాడికి వచ్చి నిలవడ్డయి. దవాఖాన మంచం యాదికొచ్చింది.

"అది ఇంట్ల కథ" అన్నడు.

"అబ్బో!" అన్నరు వాళ్లు. బీడీలు ఆర్పుకొని లేసిపోయిండ్రు. మళ్ల ఎవరు అడగలే. ఆయన చాన సేపు అరుగు మీదనే కూసున్నడు, వాళ్లు కూసున్న జాగను చూసుకుంట.

ఇగ పందొమ్మిది వందల అరవై అయిదు వచ్చింది. ఆ ఏడు మిరుగు కార్తె వాన లేకుంట ఉత్తగ పోయింది, ఆరుద్ర ఉత్తగ పోయింది. బాయిల అడుగు రాయి తేలింది. తాగనే నీళ్లు లేకపోతె దారానికి రంగెట్ల ముంచాలె? మగ్గాలు బందు. ఊరోళ్లు చెయ్యాల్సినయన్ని చేసిండ్రు. రోకలికి కప్పను గట్టి కప్పతల్లి ఆడిండ్రు. బండ మీద బెల్లం పాశం పోసి నాకిండ్రు, వరద పాశమని. శివుని నెత్తి మీద, ఉన్న నాలుగు బిందెలు గుమ్మరిచ్చి ఆ రోజంత దూపకు సచ్చిండ్రు. మబ్బు వచ్చుడు, ఊరి మీద నిలవడుడు, మళ్ల చెదిరిపోవుడు.

కులపెద్ద పర్వతాలు అని ఒక ముసలాయన ఉండె. ఎవరింట్ల కోడి గుడ్డు పెట్టకున్నా దానికొక కారణం తీసి చెప్పే మనిషి. సంఘం ఇంటి ముందల దూలాలేసి కప్పిన సాయబాను కింద పది మంది పరేషాన్ల కూసున్ననాడు ఆయనకు ఒక ఉపాయం తట్టింది.

"ఊళ్లె ఎత్తుకొని దించని కథ ఏదన్న ఉన్నదా?" అని అడిగిండు.

ఉప్పలమ్మ అన్నది: "ఉన్నది గద కాకా. వెంకట్రాజం బావది. సుక్కయ్య అనేటోడు మీది లోకంల ఎండనంత కండెలకు చుట్టి పెట్టి, దాన్ని పట్టుకొని కూసున్నడు. ఆడనే ఇడిసిపెట్టిండు బావ."

ఇగ సూడు, పర్వతాలు ముసలాయన తొడ చరుసుకున్నడు. "అరే, మబ్బు ఎట్ల నిలుస్తది మరి! ఎండకండె పట్టుకొని ఒకడు నెత్తి మీద కూసుంటె! వాడు దిగాలె. కథ దిగితే వాడు దిగుతడు!"

నవ్వకుండ్రి. దూప మీద ఉన్న మనిషికి ఏ మాటైనా నీళ్ల చప్పుడు లెక్కనే వినవడ్తది. గా సాయంత్రానికి ఊరు ఊరంత ఆ మాట నమ్మింది.

పర్వతాలు వచ్చి అడిగిండు. వెంకటరాజం కుదరదన్నడు. "మాట ఇచ్చిన కాకా, రాజమణికి" అన్నడు.

"పోయినోళ్ల మాట పట్టుకొని ఉన్నోళ్లను సంపుతవారా?"

తెల్లారి బాయి కాడికి పోతె ఆడోళ్లు పక్కకు జరిగి నిలవడ్డరు. కండ్లు పక్కకు తిప్పుకున్నరు. ఆయన చేదుకుని పోయేదాక ఎవరు మాట్లాడలే. ఇంటికొచ్చి బిందె దించి దాని పక్కనే కూసున్నడు. ఇన్నేండ్లు ఎవరు పలకరియ్యలేదంటె, సరే, ఎవరి పని వాళ్లది. ఇది అట్లాంటిది కాదు. ఇది చూసి చూడనట్టు ఉండుడు.

రెండోపారి పర్వతాలు కోపంతోని రాలే. మెల్లగ వచ్చి అరుగు మీద కూసున్నడు. "రాజం, అందరం వస్తం. ముసలి ముతక, ఆడ మొగ, అందరం కూసుంటం. ఊరంత నీ కథకు ఊ కొడ్తది. ఒక్కపారి చెప్పి దించు నాయినా" అన్నడు.

ఊరంత ఊ కొడ్తది. ఆరేండ్ల నుంచి ఒక్క ఊ దొరకని మనిషికి ఆ మాట చెప్తె ఇగ ఏం నిలవడ్తడు చెప్పుండ్రి? "సరే" అన్నడు వెంకటరాజం. అంటనే రాజమణికి చేతిల చెయ్యేసి చెప్పింది యాదికొచ్చింది. మాట మాత్రం మళ్ల ఎనకకు తీసుకోలే.

మఖ కార్తెల ఒక పగటి పూట సాయబాను కింద మంది కూసున్నరు. రెండు రోజులకెల్లి మబ్బు పట్టే ఉన్నది. నడుమ ఒక గొంగడి పరిచి ఆయనను కూసోబెట్టిండ్రు. ముందల కొబ్బరికాయ పెట్టిండ్రు, కథ దింపినంక కొట్టను. వెంకటరాజం దగ్గిండు. "మీద ఏడు గోళాలున్నయి" అన్నడు.

"ఊఁ!" అన్నరు అందరు.

అంత పెద్ద ఊ ఆయన బతుకుల వినలే. సాయబాను దూలాలు అదిరినయి. ఒంట్లె ఏదో గడ్డకట్టింది కరిగినట్టయింది. చెప్పుకుంట పోయిండు. ఎండను వడికే రాట్నాలు చెప్పిండు, గాజు కండెలు చెప్పిండు. ఎర్రగీత ఇనుప ఓడను కోసుడు చెప్తె మొగోళ్లు "శబాష్" అన్నరు. నీలిగీతకు ఓడలు గడ్డకట్టి వడగండ్ల లెక్క రాలుడు చెప్తె ముసలోళ్లు నోళ్లు తెరిచిండ్రు. చెప్తాంటె ఆయన మొకం మీద ఎన్నడు లేని వెలుగు వచ్చింది. సంతోషమైంది, అబద్ధమెందుకు? మస్తు సంతోషమైంది. ఇదే సంతోషం ఇన్నేండ్లు ఎందుకు వద్దనుకున్ననా అని గూడ ఒక గడియ అనిపిచ్చింది.

తెల్లకండె కాడికి వచ్చి దాన్ని దాటేసి పోయిండు. ఎందుకో అది ఈ మందికి చెప్పబుద్ధి కాలే.

చెప్పుకుంట చెప్పుకుంట ఆ జాగకు వచ్చిండు. గండయ్య పోయిండు. సుక్కయ్య ఒక్కడే ఉన్నడు. కండె ఒక కొస పట్టుకున్నడు. ఓడలు వస్తున్నయి. ఒకటి, వెనుక ఇంకోటి, కాకుల మంద తీరు.

"ఊఁ!"

వెంకటరాజం ఆగిండు. ఇక్కడి నుంచి ముందటికి దారి ఆయనకే తెల్వది. ఆమె ఇప్పుడు ఏం అడుగుతుండె? ఓడలల్ల పిల్లలున్నరా అని అడుగుతుండెనా? వాళ్లు సలికి వణుకుతున్నరా అని అడుగుతుండెనా? ఎంత ఆలోచన చేసినా ఆమె ప్రశ్న ఆయనకు పుట్టలే. ఆమె ప్రశ్న ఆమెకే పుడ్తది.

"పేల్చుమను!" అని అరిచిండు ఒకడు.

"పేల్చు, పేల్చు! కాల్చి పడేయ్ నా కొడుకులను!" అని ఇంకొకడు. ఇగ అందరు. పర్వతాలు కర్రతోని నేలను కొట్టుకుంట "పేల్చెయ్యి రాజం, దించెయ్యి!" అన్నడు.

గా లొల్లిల ఉప్పలమ్మ గొంతు వినవడ్డది. ఆమె కోపంతోని అడగలే, తెల్వకనే అడిగింది. "ఒక్కడే ఎట్ల పేలుస్తడు బావా? ఇద్దరు పట్టాలె గద? రాజమణక్క పెట్టిన షరతు..."

అందరు ఆయన దిక్కు చూసిండ్రు. ఊరి కండ్లన్ని ఆయన మీద ఉన్నయి, బాయి కాడ పక్కకు తిప్పుకున్న కండ్లే. ఇప్పుడు లేదంటె అవి మళ్ల తిరిగిపోతయి. మళ్ల ఆ గట్క, ఆ బర్రె, ఆ గోడలు. వెంకటరాజం పెదాలు తడి చేసుకున్నడు.

"ఆ షరతు తీసేసిండ్రు" అన్నడు.

"ఊఁ!" అన్నది ఊరు.

"మరి గండయ్య?" అన్నది ఉప్పలమ్మ.

"గండయ్య రాడు." మళ్ల అన్నడు, గట్టిగ, అందరికి వినవడేటట్టు. "దారిలనే పోయిండు. ఇగ రాడు."

సుక్కయ్య ఒక్కడే ఎండకండె రెండు కొసలు పట్టిండు. పేల్చిండు. ఎర్రగీత ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది. నల్లటి ఓడలన్ని నడిమికి తెగి కాలిపోయినయి. ఒక్కటి గూడ మిగలలే. అండ్ల ఉన్నోళ్లు ఎవరో, ఏం కావాలని వచ్చిండ్రో ఎవరు అడగలే. సుక్కయ్య కండె కింద పెట్టి గోళం దిగి ఇంటికి పోయిండు. కథ అయిపోయింది.

కొబ్బరికాయ కొట్టిండ్రు. అందరు లేసి దుప్పట్లు దులుపుకున్నరు. "మంచిగ చెప్పినవ్ రాజం", "ఇన్నొద్దులు ఏడ దాచినవయ్యా", "ఇంకోటి ఎప్పుడు చెప్తవు?" అని భుజం తట్టి పోయిండ్రు. ఎవరి ఇంటికి వాళ్లు పోయిండ్రు. ఉప్పలమ్మ ఒక్కతి కొంచెం సేపు నిలవడ్డది. కొబ్బరి ముక్క ఆయన చేతిల పెట్టి పోయింది.

వెంకటరాజం ఇంటికొచ్చి తలుపు దగ్గరికేసిండు. ఆసు ముందల కూసున్నడు. మనసు తేలికైతదనుకున్నడు. కాలే. ఇన్నేండ్లు ఇల్లు ఉత్తగ ఉన్నదనుకున్నడు గని, ఉత్తగ లేకుండె. చెప్పాల్సింది కొంత మిగిలి ఉండె, అది వినాల్సిన మనిషి రావాల్సి ఉండె. గండయ్య ఇయ్యాల గాకపోతె రేపు వస్తుండె. తన నోటితోనే, పది మంది ముందల, రాడని చెప్పొచ్చిండు. రంగుల ముంచిన దారాన్ని మళ్ల తెల్లగ చేసుడు ఏ సాలోని తరం గాదు, అది ఆయనకు ఎరుకే. ఎరుకైనా మనసులనే కథను వెనుకకు ఇప్పుకుంట పోయిండు. ఓడలు కాలకముందటి కాడికి, మంది అరవకముందటి కాడికి. కథ వెనుకకు రాలే. ఊరంత విన్న మాట అయిపాయె.

అప్పుడు వాన మొదలైంది. అది రావాల్సిన రోజులే, మబ్బు రెండొద్దుల నుంచి నిలవడే ఉండె. గని ఊరికి ఆ మాట ఎవరు చెప్పాలె? ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లలు బజార్ల పడ్డరు. బిందెలు, గాబులు, గిన్నెలు ఏది దొరికితె అది సూరు కింద పెట్టిండ్రు. "రాజం! ఓ వెంకట్రాజం! బయటికి రావయ్యా! నీ సుక్కయ్య దిగిండు!" అని పర్వతాలు చిన్నపిల్లగాని తీరు తలుపు బాదిండు. ఇంత మంది తన పేరు పెట్టి పిలుసుడు వెంకటరాజం తన బతుకుల ఎన్నడు వినలే.

ఆయన లేవలే. ఆసు చట్రం మీద చెయ్యి పెట్టి, దగ్గరికి వంగి, ఎవరో పక్కనే ఉన్నట్టు మెల్లగ అన్నడు.

"పేల్చలేదే. వాళ్లకు ఉత్తగనే చెప్పిన. గండయ్య వస్తడు. దారిల ఉన్నడు, వస్తడు."

వాన జోరు పెరిగింది. పెంకుల మీద ఆ మోతకు, ఆయన అన్న మాట ఆయనకే వినవడలే.